శాకాహారి అమ్మతో బ్యాంకాక్: వీధి బండ్ల దగ్గర ఏం తినొచ్చు?

డిసెంబరులో అమ్మని తీసుకుని బ్యాంకాక్ వెళ్తున్నాను. కాస్త ఐడియా ఉంటుందని రోజూ రాత్రి యావరాత్ (అక్కడి చైనాటౌన్) వీధి బండ్ల వీడియోలు చూస్తున్నా. చూసేకొద్దీ నాకు నోరూరుతోంది, అమ్మకి టెన్షన్ పెరుగుతోంది! ఆవిడ గుడ్డు కూడా ముట్టదు.

సోమ్ తమ్ చూసి ముచ్చటపడింది. పచ్చి బొప్పాయి తురుము, మిరపకాయలు, నిమ్మరసం, పల్లీలు రోట్లో దంచుతున్నారు కదా అని. తీరా చూస్తే అందులో ఎండు రొయ్యలు, చేపల సాస్. ఖనోమ్ క్రోక్ మాత్రం అచ్చం మన గుంటపొంగనాల్లా ఉంది, బియ్యప్పిండి, కొబ్బరిపాలతో చేస్తారట. మామిడిపండు, జిగురన్నం ఎలాగూ ఉన్నాయి. కానీ నాలుగు రోజులూ తీపి తిని ఉండలేం కదా.

పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని ఉంటే మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరని తెలిసింది. అలాంటి బండ్లు యావరాత్‌లో మామూలు రోజుల్లోనూ దొరుకుతాయా, లేక అక్టోబరు ప్రాంతంలో వచ్చే శాకాహార పండగప్పుడేనా? 'మై సై నామ్ ప్లా' (చేపల సాస్ వెయ్యొద్దు) అని చెబితే నిజంగా మానేస్తారా? అదే బాణలిలో వండితే అమ్మ తినదు, అది వేరే తలనొప్పి.

పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. రొయ్యలు కాల్చడం కాకుండా శాకాహారం బాగా చూపించే వీడియోలుంటే పేర్లు కూడా ఇవ్వండి, ప్లీజ్.