రాత్రి పదికి పాట ఆపమంటే డబ్బు ఎవరిది పోవాలి?

పెళ్లికూతురి అన్న:
మా చెల్లెలి రిసెప్షన్ ఈ శనివారం, బెంగళూరు సర్జాపూర్ రోడ్డు దగ్గర ఒక లాన్‌లో. ఆరుగురి బ్యాండు, ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా మాట్లాడుకున్నాం, సగం అడ్వాన్సు ఇచ్చేశాం. నిన్న లాన్ మేనేజరు "పదికి స్పీకర్లు బంద్, డ్రమ్స్ అసలే వద్దు" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే రసీదు వెనక చూసుకోమన్నాడు. ఉంది, కన్నడంలో, చీమ తలకాయంత అక్షరాల్లో. బ్యాండు వాళ్లేమో వాయించినా మానినా మొత్తం కట్టాల్సిందే అంటున్నారు. నన్నడిగితే ఈ నష్టం లాన్ వాళ్లే భరించాలి. కాదంటారా?

లాన్ పక్కింటాయన:
డబ్బు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. మీకది ఒక్క రాత్రి బాబూ. ముహూర్తాల రోజుల్లో మాకు రోజూ అదే. కిటికీలు బిగించుకుంటే పాట వినపడదు, దడ్ దడ్ మాత్రం గోడలోంచి మంచం దాకా వస్తుంది. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లోనే రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట స్పీకర్లు వద్దని ఉంది. ఇళ్ల మధ్య చప్పుడుకి హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పది దాటితే పోలీసులకి, 112కి ఫోన్ కొడతాను. ఇదివరకు కొట్టాను కూడా.

గోదారోడు:
పండగలకి అర్ధరాత్రి దాకా మినహాయింపు ఉంటుంది కదండీ? అయినా మనవాళ్ల ముహూర్తాలు రాత్రి ఒంటిగంటకీ రెండింటికీ వస్తాయి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు గట్టిమేళం లేకపోతే అదేం పెళ్లి? సన్నాయికి స్పీకరుతో పనేముంది?

లాన్ పక్కింటాయన:
ఆ మినహాయింపు ఏడాదికి 15 రోజులకి మించకుండా, పండగలకి, అదీ ప్రభుత్వం ఇస్తేనే. మీ ఇంటి రిసెప్షన్‌కి కాదు. సన్నాయంటారా, 2010లో చేసిన సవరణలో వాద్యాలను కూడా చేర్చారు. మంగళసూత్రం కట్టే రెండు నిమిషాలకి నేనెప్పుడూ ఫోన్ ఎత్తలేదు లెండి. నా గొడవ ఆ తర్వాత మొదలయ్యే డీజేతో.

కీబోర్డు వాయించేవాణ్ని:
మా వైపు నుంచీ ఒక మాట. ఆ తేదీ మీకిచ్చాక వేరే పిలుపులు వదులుకుంటాం, అందుకే మొత్తం అడుగుతాం. అయినా తప్పు సగం ఆ బ్యాండుదే. అడ్వాన్సు పుచ్చుకునే ముందు "ఎక్కడ? లోపలా, ఆరుబయటా? ఎన్నింటిదాకా?" అని అడగనివాడు ఈ ఊరికి కొత్తయి ఉండాలి. మూసిన హాల్లో అయితే లోపలివాళ్లకి వినపడేంత సౌండుకి రాత్రి కూడా వీలుంది, లాన్‌కి లేదు. లాన్ వాళ్లది పావు వంతు, చదవకుండా సంతకం పెట్టిన మీది పావు.

డ్రమ్స్ బదులు ఎలక్ట్రానిక్ ప్యాడ్లు పెట్టమనండి. మామూలు డ్రమ్ కిట్టుకి మైకు లేకపోయినా దగ్గర్లో 100 డెసిబెల్స్ దాటుతుంది, దానికి వాల్యూమ్ బటన్ ఉండదు. స్పీకర్లు ఇళ్లవైపు కాకుండా తిప్పి, కాంపౌండు గోడకి దూరంగా జరపండి. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. బేస్, అంటే ఆ దడ్ దడ్, మాత్రం చాలా దూరం పాకుతుంది, దాన్ని సౌండ్ మిక్సర్ దగ్గరే కోసేయాలి. అంత చేసినా పదికి ఆపాల్సిందే.

పెళ్లికూతురి అన్న:
పావు వంతు ఒప్పుకోను, ఆ అక్షరాలు మీరు చూడలేదు. బ్యాండు వాళ్లు మాత్రం టైము ఆరూ ముప్పావు నుంచి తొమ్మిదీ ముప్పావు దాకా అని ముందుకి జరిపారు, ప్యాడ్లకీ సరేనన్నారు. లాన్ వాళ్లు పైసా తగ్గించలేదు, నేను వదల్లేదు. చుట్టాల్లో సగంమంది ఆ టైముకి సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లోనే ఉంటారు, వాళ్లకి వడ్డన చప్పుడే సంగీతం.

లాన్ పక్కింటాయన:
ఇంతకీ ఆ లాన్ గేటు పక్కన ట్రాన్స్‌ఫార్మరూ, ఎదురుగా కొబ్బరిబొండాల బండీ ఉంటాయా?

పెళ్లికూతురి అన్న:
ఉంటాయి. ఎందుకండీ?

లాన్ పక్కింటాయన:
శనివారం తొమ్మిదీ ముప్పావుకి గడియారం చూస్తూ కూర్చుంటాను.