సొంత కథలో నాన్న గుట్టు: అడక్కుండా స్టేజీ మీద చెప్పొచ్చా?

పెదవాల్తేరు:
మొన్న శనివారం సాయంత్రం విశాఖలో, మా పెదవాల్తేరు వీధిలో ఒక మేడ మీద నిజం కథలు చెప్పుకున్నాం. ఓ నలభై మందిమి ఉంటాం. న్యూయార్క్‌లో 1997లో జార్జ్ డాస్ గ్రీన్ మొదలుపెట్టిన 'ది మాత్' కథల సభల వరసే: చేతిలో కాగితం ఉండకూడదు, జరిగిందే చెప్పాలి, అదీ తనకు జరిగిందే. మనిషికి ఐదు నిమిషాలు.

ఒకమ్మాయి హుద్‌హుద్ తుఫాను రోజు గురించి చెప్పింది. 2014 అక్టోబర్ 12. గంటకి 180 కిలోమీటర్ల గాలి. కిటికీ అద్దాలు పగిలిపోతే తలుపుకి బీరువా అడ్డం జరిపి, నలుగురూ దానికి వీపులు ఆనించి కూర్చున్నారట. అప్పుడు చెప్పారట వాళ్ళ నాన్న, ఉద్యోగం పోయి రెండు నెలలైందని. రోజూ క్యారేజీ పట్టుకెళ్ళి, ఆర్కే బీచిలో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర గట్టు మీద కూర్చుని, అక్కడే తినేసి సాయంత్రం వస్తున్నానని. గాలి హోరులో అమ్మకి వినపడక "ఏంటీ?" అని రెండుసార్లు అడిగిందట. ఆయన మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవాల్సి వచ్చింది.

మేడ మీద ఒక్కరూ కదల్లేదు. నాకూ కళ్ళు తడిశాయి. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆయన్ని అడిగిందా? కథలో బతికున్న మనిషి పరువు ఉంటే, అడక్కుండా చెప్పకూడదని నా అభిప్రాయం.

ఉక్కునగరం:
ఒప్పుకోను. ఆ బీరువాకి ఆ అమ్మాయి వీపు కూడా ఆనింది కదా. ఆ రోజు తనది కూడా. మీ రూలు పెడితే అత్తారింట్లో దెబ్బలు తిన్న కోడలు ఎవర్ని అడగాలి, కొట్టినవాళ్ళనా? పరువు పేరు చెప్పి మన ఇళ్ళలో ఆడవాళ్ళ నోళ్ళు ఇప్పటిదాకా నొక్కింది చాలు.

భీమిలి మాస్టారు:
పేరు తీసేస్తే గొడవే లేదమ్మా. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి విజయనగరం మనకి పక్కనే. హరిదాసు పిట్టకథ ఎత్తుకుంటే "అనగనగా ఒకాయన" అంటాడు, ఎవరో చెప్పడు.

పెదవాల్తేరు:
మాస్టారూ, పిట్టకథలో ఆయన ఎవరైతే మనకేం? ఇక్కడ ఆ అమ్మాయి "ఒకాయన" అన్నా, తన మొహం తెలిసినవాళ్ళకి వాళ్ళ నాన్నే కనపడతారు.

ఉక్కునగరం గారూ, మీరు చెప్పిన కోడలి మాట దగ్గర ఆగిపోయాను. కొట్టినవాడిని అడగక్కర్లేదు, నా మాట సవరించుకుంటున్నాను. కానీ ఈయన ఎవరికీ ఏ అన్యాయమూ చెయ్యలేదండీ. ఇంట్లో చెప్పుకోలేక సిగ్గుపడ్డారు, అంతే.

సీతమ్మధార:
నేనూ అక్కడే ఉన్నాను. ముందు వరసలో ఒకబ్బాయి మొత్తం వీడియో తీశాడు. నలభై మంది వినడం వేరు, తెల్లారేసరికి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పడడం వేరు. ముందు ఫోన్లు మెట్ల దగ్గరే బుట్టలో పెట్టించండి.

ఉక్కునగరం:
ఫోన్ల సంగతి నాకూ సమ్మతమే. అడగడం సంగతి చెప్పేవాళ్ళకే వదిలేద్దాం, రూలు వద్దు.

పెదవాల్తేరు:
వచ్చే నెల నుంచి బుట్ట పెడదాం. అడగాలన్న మాట మాత్రం నేను వదలను. పొద్దున ఆ అమ్మాయితో మాట్లాడాను. నాన్నకి ఇంకా తెలీదట. ఆదివారం వెళ్ళి ఆ ఐదు నిమిషాలూ ఆయన ఎదురుగా కూర్చుని చెప్తానంది. ఆ వీడియో తీసినబ్బాయి ఎవరికైనా తెలిస్తే నాతో మాట్లాడించండి, ఈలోపే దాన్ని చెరిపించెయ్యాలి.