డీపీఎఫ్ లైటు వెలుగుతోంది: మార్చాలా, కడిగిస్తే సరిపోతుందా?

మియాపూర్ వాసి
2021 మోడల్ డీజిల్ కారు, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంటి నుంచి ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు, అందులో సగం సమయం సిగ్నళ్ల దగ్గరే. మూడు వారాలుగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. నిన్న పికప్ పడిపోయింది, బండి 40 దాటడం లేదు. సర్వీసు సెంటరులో ఫిల్టరు మార్చాలన్నారు, లక్షకు పైమాటేనట. ఇంటి దగ్గరి మెకానిక్ విప్పి కడుగుతానంటున్నాడు. ఇంకొకాయన ఏకంగా తీసేసి ఖాళీ గొట్టం పెడతానన్నాడు. ఎవరి మాట వినాలి?

ఔటర్ ఆదివారం
ఆరు కిలోమీటర్లు అన్నారు చూడండి, తంటా అక్కడే ఉంది. ఇంజను వేడెక్కేలోపే ఆపేస్తున్నారు. నాదీ అదే కథ. అందుకే ఆదివారం పొద్దున్నే ఔటర్ ఎక్కి, ఓ గేరు తగ్గించి, 2,000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు ఆపకుండా నడుపుతాను. ఎక్కడికని ఇంట్లో అడిగితే ‘మసి కాల్చడానికి’ అంటాను. మొదట్లో అనుమానంగా చూసేవారు. అన్నట్టు, ట్యాంకులో డీజిల్ పావు వంతుకు తగ్గనివ్వకండి. తక్కువుంటే చాలా బండ్లలో మసి కాల్చే పని మొదలే కాదు.

షెడ్డు మనిషి
40 దాటని బండిని ఔటర్ ఎక్కించమని చెప్పకండి సార్. ఆ దశ దాటిపోయింది. ఇప్పుడు స్కానర్ పెట్టి, షెడ్డులో నిలబెట్టి కాల్చించాలి. అంతకంటే ముందు అసలెందుకు నిండిందో చూడాలి.

ఆ ఫిల్టరు డబ్బా లోపల తేనెపట్టులా సన్నని గదులుంటాయి. పక్కపక్క గదులకు ఒకదానికి ముందు మూత, ఇంకోదానికి వెనక మూత. పొగ గోడలోంచి దూరి వెళ్లాలి, మసి గోడకు అంటుకుంటుంది. దాదాపు 600 డిగ్రీల వేడిలో ఆ మసి కాలిపోతుంది. ఇంజను ఆయిల్ నుంచి వచ్చే బూడిద మాత్రం ఎంత వేడిలోనూ పోదు. దాన్ని విప్పి శుభ్రం చేయాల్సిందే. మీ బండికి 62 వేలకే బూడిద నిండిందంటే నేను నమ్మను.

రెండు పనులు చేయండి. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్ చేసి, స్కానర్లో ఫిల్టరు పీడనం చూడమనండి. సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే సెన్సరే అబద్ధం చెబుతోంది. తర్వాత డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత, మీరు మధ్యలో ఆపేసిన ప్రతిసారీ కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. మట్టం పై గీత దాటి ఉంటే ఆ ఆయిల్‌తో నడపకండి.

కడగడం అంటారా? ఒక బండికి ప్రెషర్ వాటర్ కొట్టించి తెచ్చారు నా దగ్గరికి. లోపలి పింగాణీ పగిలి గలగలమంటోంది. సైలెన్సర్ గొట్టంలో వేలు పెడితే నల్లగా అంటింది. ఫిల్టరు బాగుంటే ఆ వేలికి మసి అంటకూడదు.

బర్మింగ్‌హామ్ బాబాయి
ఖాళీ గొట్టం ఆలోచన మానుకోండి. ఇక్కడ బ్రిటన్‌లో 2014 ఫిబ్రవరి నుంచి ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో, కంపెనీ నుంచి ఫిల్టరుతో వచ్చిన బండికి అది లేకపోతే బండి ఫెయిల్.

మియాపూర్ వాసి
నా బండికి ఆడ్‌బ్లూ (పొగ శుద్ధికి వాడే యూరియా ద్రవం) ట్యాంకు కూడా ఉంది. అది తగ్గినందుకు కాదు కదా?

షెడ్డు మనిషి
కాదండీ. అది నైట్రోజన్ ఆక్సైడ్ల పని చూసుకుంటుంది, మసితో సంబంధం లేదు.

అనంతపురం రైతుబిడ్డ
మా వైపు వారికి ఒక మాట. ఉలవ కట్టె, కంది కట్టె రోడ్డు మీద పరిచి బండ్లు తొక్కాలని వదిలేస్తారు కదా, దాని మీద డీజిల్ బండి ఆపకండి. మసి కాలే సమయంలో అడుగున ఆ డబ్బా నిప్పుల కుంపటిలా ఉంటుంది. బండి ఆపాక కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే, మాడు వాసన వస్తుంటే, అదే జరుగుతోందని గుర్తు.

మియాపూర్ వాసి
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను. ఇంజను ఆపినా పీడనం 34 మిల్లీబార్లు చూపించింది! సెన్సరు మార్చారు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీతకు వేలెడు పైన ఉంది, డీజిల్ కంపు. ఆయిల్ మార్చి, స్కానర్‌తో ముప్పావు గంట కాల్చారు. మొత్తం పద్నాలుగు వేలయింది. ఫిల్టరు విప్పనే లేదు. షెడ్డు మనిషి గారికి దండాలు.

షెడ్డు మనిషి
సంతోషం. రసీదులో ఏ ఆయిల్ అని రాశారు?

మియాపూర్ వాసి
15డబ్ల్యూ40 అని మాత్రమే ఉంది.

షెడ్డు మనిషి
అది ఆయిల్ చిక్కదనం మాత్రమే. మీ బండి పుస్తకంలో ఏసీఈఏ సీ3 లాంటి తక్కువ బూడిద ఆయిల్ రాసి ఉంటుంది, చూడండి. డబ్బా మీద ఆ గుర్తు లేకపోతే మళ్లీ మార్పించండి. ఆయిల్ ఖర్చు వాళ్లనే పెట్టుకోమనండి.