జియెన్‌గువో: తరం అక్షరమా, 1949 నాటి పేరా?

చైనా వంశవృక్షాలు చదివిన అనుభవం ఉన్నవారి సాయం కావాలి. నేను తెలుగులోకి రాస్తున్న ఒక వంశవృక్షంలో ముగ్గురు అన్నదమ్ములు: జియెన్‌హువా (1946), జియెన్‌గువో (1949 నవంబరు), జియెన్‌మిన్ (1952). పేర్లు రోమన్ లిపిలోనే ఉన్నాయి, స్వరగుర్తులు (చైనీస్‌లో అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలను చూపేవి) లేవు.

'జియెన్' అంటే నిర్మించు, 'గువో' అంటే దేశం. 1949 అక్టోబరు 1న ప్రజా రిపబ్లిక్ ప్రకటన అయ్యాక మగపిల్లలకు ఈ పేరు విరివిగా పెట్టారు. కొరియా యుద్ధకాలంలో 'యువాన్‌చావ్' (కొరియాకు సాయం) కూడా అలాంటిదే. కానీ ఇక్కడ పెద్దవాడు 1946లోనే పుట్టాడు. కాబట్టి 'జియెన్' ఆ వంశంలో ఒక తరం మగవాళ్లందరికీ ముందే నిర్ణయించిన అక్షరమేమోనని నా అనుమానం. చైనా జాతీయవాద నేత చియాంగ్ కై-షేక్ కొడుకులు చింగ్-గువో, వెయ్-గువోల పేర్లలో ఉమ్మడి అక్షరం రెండోది. అంటే స్థానాన్ని బట్టి తేల్చలేం.

ఇంకో చిక్కు: 'ఆరోగ్యవంతమైన' అనే జియెన్‌కూ ఇదే నాలుగో స్వరం. రాతలో ఎడమవైపు మనిషి గుర్తు అదనం, అంతే. స్వరగుర్తులున్నా తేడా తెలిసేది కాదు!

తేల్చడానికి పెదనాన్న, చిన్నాన్నల కొడుకుల పేర్లు చూస్తే చాలా? అక్కచెల్లెళ్ల పేర్లలోనూ 'జియెన్' ఉంటే తరం అక్షరం కాదనుకోవచ్చా? వంశగ్రంథంలో ఒక పేరు, ప్రభుత్వ రికార్డులో వేరే పేరు ఉన్నప్పుడు వృక్షంలో ఏది ముందు రాస్తారు?