పోర్న్ అడిక్షన్ నిజంగా జబ్బేనా? మా తమ్ముడ్ని ఎవరికి చూపించాలి?

మా తమ్ముడు బీటెక్ చదువుతున్నాడు, తనకి పోర్న్ అడిక్షన్ ఉందని వాడే చెప్పి ఏడ్చాడండీ, రాత్రుళ్ళు నిద్రపోడు, క్లాసులకి వెళ్ళట్లేదు. చదువుదామంటే ఒక్కోచోట ఒక్కోలా ఉంది. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లో (అమెరికా సైకియాట్రిస్టుల మానసిక జబ్బుల పుస్తకం) అసలు ఈ జబ్బే లేదు, డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ జబ్బుల లిస్టు ఐసీడీ-11లో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ (సెక్స్ కోరికల్ని పదేపదే అదుపు చేసుకోలేకపోవడం) అని పెట్టారు కానీ గేమింగ్‌లాగా అడిక్షన్ల కింద కాదు, ఇంపల్స్ కంట్రోల్ (కోరిక పుడితే ఆపుకోలేని జబ్బులు) కింద పెట్టారు, పైగా తప్పు చేస్తున్నానన్న బాధ ఒక్కటే ఉంటే జబ్బు కింద లెక్క కాదంట. మరి వాడిది ఏది? ఏ పేరు పెట్టినా నాకు ఫర్లేదు, వాడు మాత్రం నలిగిపోతున్నాడు. హైదరాబాద్‌లో సైకియాట్రిస్ట్ దగ్గరకి తీసుకెళ్ళాలా, సీబీటీ (మాటలతో ఆలోచనలు, అలవాట్లు మార్చే థెరపీ) చేసే సైకాలజిస్ట్ చాలా? అమ్మానాన్నలకి ఇప్పుడే చెప్పాలా? ఇది దాటి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ప్లీజ్ చెప్పండి, వాడ్ని మాత్రం తిట్టొద్దు.