డిశ్చార్జ్ అయిన నెలన్నరకే మళ్ళీ అడ్మిట్, ఎక్కడ తప్పు చేశాం?

గుంటూరు_అమ్మ:
మావాడికి 17 ఏళ్ళు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హాస్టల్. ఆగస్టులో వరసగా నాలుగు రోజులు నిద్ర లేదు, రాత్రి రెండింటికి రూమ్మేట్లని లేపి ఫిజిక్స్ చెప్తున్నాడంట, ఐఐటీ సీటు వచ్చేసింది ఇంక క్లాసులెందుకని వార్డెన్‌తో గొడవ. సైకియాట్రీ వార్డులో 16 రోజులు ఉంచారు, బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్ళు అతి హుషారు, కొన్నాళ్ళు దిగులు వచ్చే జబ్బంట. బాగా తేరుకున్నాడు, సిలబస్ పోతుందని పది రోజులకే తీసుకెళ్ళి హాస్టల్లో దింపేసి వచ్చాం. అక్కడ పొద్దున 5:30కి స్టడీ అవర్, మాత్రల మత్తుకి లేవలేక, లేచినా తూగుతుంటే పక్కవాళ్ళు నవ్వుతుంటే వాడంతట వాడే మానేశాడు. మొన్న దిండు గలీబు విప్పితే 23 మాత్రలు, సగం చెమటకి మెత్తబడి అంటుకుపోయి ఉన్నాయి. ఫోన్లో మాత్రం రోజూ "వేసుకున్నా అమ్మా" అనేవాడు. ఇప్పుడు మళ్ళీ వార్డులోనే ఉన్నాం. అత్తగారేమో మొదటిసారే సరిగ్గా తగ్గించకుండా పంపేశారు అంటున్నారు. ఈసారి ఇంటికొచ్చాక ఏం చేయాలి? మార్చి పరీక్షలు రాయించాలా వద్దా? కొంచెం ఎవరన్నా చెప్పండి.

ఓరుగల్లు_నాయిన:
అక్కా, మేం కూడా గిదే తప్పు చేసినం. మా బిడ్డ రెండుసార్లు అడ్మిట్ అయింది, మొదటిసారి అయితే ఇంటికి రాంగనే చుట్టాలందరు వచ్చిన్రు, పండుగ లెక్క. తగ్గిపోయింది గదా అని మాత్రలు దాని చేతికే ఇచ్చినం. రెండోసారి వచ్చినంక నా ముంగటనే మింగాలె, అన్నం తిన్నంక, రోజు ఒకటే టైముకు. గోడకు వెంకట్రామా క్యాలెండర్ ఉంటది గదా, దాని గడిలల్ల ఎన్ని గంటలు పడుకుందో రాసేటోన్ని. 7, 7, 6, 5, 4 అని వచ్చిన వారం డాక్టరుకు ఫోటో తీసి పంపిన, తెల్లారే రమ్మన్నడు, డోస్ మార్చిండు, అడ్మిషన్ దాకా పోలే. మాటలు, కోపం అన్నీ తర్వాత అక్కా, మా ఇంట్ల ముందు నిద్రే తగ్గుతది.

తాయెత్తు_తాత:
ఈ మందులు ఏళ్ళ తరబడి వాడితే బ్రెయిన్ మొద్దుబారిపోద్ది. నా మాటిని ఆపేసి దిష్టి తీయించండి.

వార్డ్_సిస్టర్:
దిష్టి తీయించుకోండి పర్లేదు, తాయెత్తూ కట్టుకోండి, మందు మాత్రం ఆపకండి. పన్నెండేళ్ళుగా ఈ వార్డులోనే చేస్తున్నా, మళ్ళీ వచ్చే పిల్లల్లో నేను చూసినంతవరకు ఎక్కువమందిది మందు ఆపేసిన కథే, ఆపింది కూడా పొగరుతో కాదమ్మా, మత్తు వల్లో ఒళ్ళు వచ్చేస్తుందనో. ఈ జబ్బుకి వాడే ఓలాంజపిన్ మాత్రకి ఈ రెండూ ఉంటాయి. మత్తుగా ఉందని డాక్టర్‌కి చెప్తే టైమ్ మారుస్తారు, లేదా మందే మారుస్తారు, మీవాడు అది ఎవరికీ చెప్పలేకపోయాడు అంతే.
ఈసారి డిశ్చార్జ్ పేపర్ మీద రివ్యూ తేదీ రాయించుకోకుండా కదలకండి, వారంలోపే ఉండేట్టు అడగండి. మూడ్ నిలకడగా ఉంచే లిథియం మాత్ర పెడితే రక్తంలో దాని లెవెల్ చూస్తారు, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి శాంపిల్ ఇవ్వాలి, పొద్దుట మాత్ర ఉంటే శాంపిల్ ఇచ్చాకే వేయండి. థైరాయిడ్, కిడ్నీ టెస్టులు కూడా మధ్యమధ్యలో ఉంటాయి. మన ఎండల్లో నీళ్ళు బాగా తాగాలి, వాంతులు విరేచనాలు అయితే ఆ రోజే ఫోన్ చేయండి, తలనొప్పికి బ్రూఫెన్ లాంటివి మీరే వేసేయకండి, లిథియం లెవెల్ పెరిగిపోతుంది.
ఇంకోటి, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం 18 లోపు పిల్లల్ని పెద్దవాళ్ళతో కలిపి ఉంచకూడదు, ఇంట్లోవాళ్ళు ఒకరు పక్కనే ఉండాలి. ఇన్సూరెన్స్ ఉంటే అడగండి, మామూలు జబ్బులకి ఇచ్చినట్టే దీనికీ ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోతా లాంటి మాట ఒక్కటి వచ్చినా ఒంటరిగా వదలకండి, నేరుగా క్యాజువాల్టీకి వచ్చేయండి.

డిగ్రీ_ఫైనల్:
ఆంటీ నేను 17లోనే అడ్మిట్ అయ్యాను, రెండుసార్లు. ఒక్కటే చెప్తా, ఇంట్లో కొంచెం గట్టిగా నవ్వినా "ట్యాబ్లెట్ వేసుకున్నావా" అనేవాళ్ళు, కోపమొచ్చినా అదే, చివరికి క్రికెట్ చూస్తూ అరిచినా అదే, దాంతో ట్యాబ్లెట్ అంటేనే అసహ్యమేసేది. రోజుకి ఒక్కసారే, వేసే టైమ్‌లోనే అడగండి, మిగతా రోజంతా మామూలుగా ఉండనివ్వండి ప్లీజ్. చదువంటారా, నేను ఒక ఏడాది ఆగి రాశా, ఇప్పటిదాకా ఎవడూ ఎందుకు లేటని అడగలేదు.

గుంటూరు_అమ్మ:
అందరికీ థాంక్స్ అండి. బాబూ నీ మెసేజ్ ఆయనకి చదివి వినిపించా, ఏమీ అనలేదు గానీ లేచి బయటికెళ్ళి కాసేపు నిలబడి వచ్చారు. సిస్టర్ గారూ, మత్తు సంగతి రౌండ్స్‌లో వాడి చేతే చెప్పించాం, మాత్ర తొమ్మిదింటికి కాకుండా ఏడున్నరకి మార్చారు. హాస్టల్ వద్దనుకున్నాం, ఇంటి నుంచే వెళ్తాడు. పరీక్షలు జనవరిలో చూసుకుందాం, ఇప్పుడే మాట ఎత్తొద్దన్నారు డాక్టర్ గారు. హాస్టల్ రెండో టర్మ్ ఫీజు కట్టేశాం, వెనక్కిస్తారా అని ఈయన గొడవ, అది వేరే త్రెడ్‌లో అడుగుతా లెండి.