సమస్యాపూరణం: “కనులు లేని యిసుక కన్ను దెఱచె”

నిర్వాహకులు: పశ్చిమాఫ్రికా దేశమైన మౌరిటానియాలోని అద్రార్ పీఠభూమి మీద, వదాన్ అనే పాత ఊరికి చేరువలో, సుమారు 40 కిలోమీటర్ల అడ్డుకొలతతో ఉన్న రిషాట్ అనే రాతి వలయాలను ఉపగ్రహ చిత్రంలో చూస్తూ ఉండగా ఈ పాదం నోట పడింది. రిషాటునే వర్ణించాలన్న నియమం లేదు గాని, నింగి నుంచి చూసిన నేల మాత్రం పూరణలో కనబడాలి.

గౌతమీతీరవాసి:

గాలి కొఱికి కొఱికి గట్టిరాళ్లు మిగుల
నింగి నుండి చూడ నేలపైన
వలయ మొకటిలోన వలయ మొకటి దోప
కనులు లేని యిసుక కన్ను దెఱచె

1965లో జెమిని 4 వ్యోమనౌకలోని వ్యోమగాములు తీసిన ఛాయాచిత్రాలతో పేరుకెక్కిన ఈ వలయాలను తొలినాళ్లలో ఉల్క పడిన గుంటగా భావించారు. నిజానికి అది లోపలి నుంచి ఉబ్బిన రాతి గోపురం. పైభాగం కోసుకుపోగా మెత్తని పొరలు పల్లాలయ్యాయి, గట్టి క్వార్ట్‌జైట్ పొరలు గట్లుగా నిలిచాయి.

పలనాటి పంతులు: “కొఱికి కొఱికి” అన్న ద్విరుక్తి ముచ్చటగా ఉంది. అయితే, అయ్యా, మీ వివరణ ప్రకారమే అక్కడ కన్ను తెరచినది రాయి. ఇసుక ఆ కంటి అంచున చేరిన పుసి మాత్రమే. పైగా కోత పనినంతా గాలికే అప్పగించి నీటిని పూర్తిగా విడిచిపెట్టారు. గోదావరి ఒడ్డున ఉండేవారే నీటిని మరచిపోతే ఇక మా పలనాటివారిని ఏమనాలి?

తటిల్లత: పంతులుగారి ఆక్షేపణకు తావివ్వకుండా, నిజంగా ఇసుకే కన్ను తెరచిన సందర్భాన్ని తీసుకున్నాను.

మరుభువి యడుగునను మఱుగైన యేఱుల
నింగి నావ యలలు నిగ్గు దేల్చె
చూపు రాని చోటఁ జొచ్చెను గిరణమ్ము
కనులు లేని యిసుక కన్ను దెఱచె

1981 నవంబరులో కొలంబియా వ్యోమనౌక మోసుకెళ్లిన రాడారు, ఈజిప్టు, సూడాను దేశాల ఎడారిలో ఇసుక కింద పూడిపోయిన పాత ఏటి దారులను చూపింది. ఇసుక బొత్తిగా పొడిగా ఉన్నందువల్లనే ఆ అలలు కొద్ది మీటర్ల లోతుకు దిగగలిగాయి. తడి ఉంటే పైపొరలోనే ఆగిపోయేవి.

గౌతమీతీరవాసి: అమ్మా, ఇక్కడ ఇసుక తాను చూడటానికి కాక, మనలను లోపలికి చూడనివ్వటానికి కన్ను తెరచింది. నా పూరణలో లేని మెలిక ఇదే.

పలనాటి పంతులు: బాగానే ఉంది, కాని అది యంత్రం గొప్ప. యంత్రం మార్చకుండా, ఉన్న పటాన్నే తలకిందులు చేసి నేను చెబుతాను. సందర్భం నమీబ్ ఎడారి.

దిబ్బ గుంటవోలెఁ దెలియు నీడల వల్ల
పటముఁ ద్రిప్పి చూడ బయటఁ బడెను
వెలుగు దిక్కు మార్చి చూచెడి వానికి
కనులు లేని యిసుక కన్ను దెఱచె

తటిల్లత: ఊహ చాలా అందంగా ఉంది, పంతులుగారూ. కాని మూడవ పాదంలో “వె”కు “చూ”తో యతి ఎలా కుదిరిందో సెలవిస్తారా? అంతకంటె పెద్ద చిక్కు నమీబ్. మన మనస్సు వెలుగు పైనుంచి పడుతుందని అనుకొనే అలవాటుతో పటాన్ని చూస్తుంది. ల్యాండ్‌శాట్ వంటి ఉపగ్రహాలు ఉదయం పది గంటల ప్రాంతంలో దాటుతాయి. ఆ వేళ ఉత్తరార్ధగోళపు శీతకాలంలో సూర్యుడు ఆగ్నేయాన, అంటే పటానికి కింది వైపున ఉంటాడు కనుక దిబ్బలు గుంటలుగా భ్రమింపజేస్తాయి. నమీబ్ దక్షిణార్ధగోళంలో ఉంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం ఆ వేళకు సూర్యుడు ఈశాన్యాన ఉంటాడు; దిబ్బ దిబ్బగానే కనిపిస్తుంది. మీరు పటం తిప్పితేనే అది గుంట అవుతుంది!

పలనాటి పంతులు: యతి తప్పు నాదే, “వీక్షించు వానికి” అని దిద్దుకుంటున్నాను. నమీబును వదిలి అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారికి, చలికాలానికి మారుతున్నాను. అయితే “కోనసీమ చేలు కుంకుమాయె” అన్న సమస్యకు తమరి పూరణ నాకింకా గుర్తుంది. నేను సంధ్యాకాంతి అన్నందుకు పాతచింతకాయ అన్నారు; పరారుణ కాంతిని ఎరుపుగా చూపే చిత్రంలో పచ్చని పైరు ఎర్రబడుతుందని చెప్పి మెప్పు పొందారు. బాగుంది, కాని సందర్భం సంక్రాంతి అన్నారు! అప్పటికి సార్వా కోతలు ముగిసి, దాళ్వా నాట్లకు మడులు నీటితో నిండి ఉంటాయి. ఆ చిత్రంలో నీరు నల్లగా ఉంటుంది, కుంకుమలా కాదు.

తటిల్లత: కొబ్బరితోటలు ఏడాది పొడుగునా ఎర్రగానే ఉంటాయి కదా!

పలనాటి పంతులు: సమస్యలో ఉన్నవి చేలు, తోటలు కావు.

నిర్వాహకులు: ఆ వాదం ఆ సమస్య దగ్గరే ఉండనివ్వండి. “పటముఁ ద్రిప్పి” అన్నచోట “ద్రి” అనే సంయుక్తాక్షరానికి ముందున్న “ము” గురువు కాదా అని ఒకరు విడిగా అడిగారు. “ద్రిప్పి” వేరు పదం, అందునా తెలుగు పదం కనుక ఆ ఆక్షేపణ నిలువదు.

గౌతమీతీరవాసి: పంతులుగారి మాట మన్నించి నీటిని తెచ్చాను. మొదటి పాదం ఇలా మారింది:

నీరు గాలి కొఱుక నిగ్గురాళ్లు మిగుల

పలనాటి పంతులు: నీరు వచ్చింది, ద్విరుక్తి పోయింది. పద్యంలో నాకు నచ్చినది అదొక్కటే. మొదటి పాఠమే ఉంచండి.